బాస్ పడగానే సబ్ ఆగిపోతోందా? యాంప్ మార్చే ముందు మీటర్ పెట్టి చూడండి

మీరు చెప్పిన లక్షణాలు ఒకసారి వరసగా పెట్టుకుందాం, జవాబు సగం వాటిలోనే ఉంది. పెట్రోల్ స్విఫ్ట్. డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్, దాన్ని నడిపే మోనోబ్లాక్ యాంప్ (ఒకే ఛానెల్ ఉన్న ఆంప్లిఫయర్), డ్యాష్‌బోర్డులో ఆండ్రాయిడ్ స్టీరియో. వాల్యూమ్ తక్కువగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. పెంచితే, బాస్ గట్టిగా పడ్డ చోట సబ్ టక్కున ఆగిపోయి, రెండు మూడు సెకన్లకు మళ్లీ అందుకుంటోంది. డోర్ స్పీకర్లు మాత్రం ఆగకుండా పాడుతున్నాయి. రాత్రిపూట ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు మరీ ఎక్కువ. బిగించిన షాపువాళ్లేమో యాంప్ పోయింది, ఇంకా పెద్దది వేసుకోమన్నారు.

పోయిన యాంప్ రెండు సెకన్లలో బాగైపోయి మళ్లీ పాడదండీ. మీ యాంప్ తనను తాను కాపాడుకుంటోంది, అంతే. కాస్త మంచి యాంపులన్నిటిలోనూ రక్షణ సర్క్యూట్ ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చే వోల్టేజీ బాగా పడిపోయినా (చాలా యాంపుల్లో 10, 10.5 వోల్టుల ప్రాంతంలో), స్పీకర్ వైపు కరెంటు హద్దు దాటినా, మరీ వేడెక్కినా, స్పీకర్‌కి వెళ్లే అవుట్‌పుట్‌లో డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కనబడినా అది సౌండ్ ఆపేస్తుంది. ఈ నాలుగింటిలో మీది ఏదన్నది తేల్చుకోకుండా పెద్ద యాంప్ వేస్తే, అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ ఇంకా పడుతుంది. డబ్బు పెట్టి జబ్బు కొనుక్కోవడమే.

ఎప్పుడు ఆగుతోంది, ఎలా తిరిగి వస్తోంది అన్నదాన్ని బట్టే చాలా సంగతులు తెలుస్తాయి. బాస్ దెబ్బకి ఆగి వెంటనే వచ్చేస్తే వోల్టేజీ పడిపోవడమో, ఓవర్ కరెంటో. అరగంట బాగా పాడి ఆగి, పది పదిహేను నిమిషాలు చల్లారాక వస్తే వేడి. వాల్యూమ్‌తో సంబంధం లేకుండా స్పీడ్ బ్రేకర్ మీదో గుంతలోనో ఆగితే ఎక్కడో లూజ్ కనెక్షన్. ఒకసారి ఆగాక స్టీరియో ఆపి మళ్లీ ఆన్ చేస్తే తప్ప రాకపోతే స్పీకర్ వైరు షార్ట్ అవుతోందని మొదటి అనుమానం. ఇంకో తమాషా కేసు కూడా ఉంటుంది: పాట నెమ్మదిగా ఉన్న చోట సబ్ ఆగిపోయి, జోరు అందుకోగానే వస్తుంది. అది లోపం కాదు. రిమోట్ వైరు (స్టీరియో వేయగానే యాంప్‌ని ఆన్ చేసే సన్నటి వైరు) లేకుండా, సిగ్నల్ చూసి తనంతట తనే ఆన్ అయ్యే పద్ధతిలో యాంప్ బిగించినప్పుడు, సిగ్నల్ సన్నబడితే పాట అయిపోయిందనుకుని పడుకుంటుంది. మీది మొదటి రకం. పైగా ఏసీ, లైట్లు వేస్తే ఎక్కువవుతోందంటే వేలు వోల్టేజీ వైపే చూపిస్తోంది. అయినా ఊహ మీద డబ్బు ఖర్చు పెట్టకండి, కొలవండి.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. నాబ్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్ యాంప్ గ్రౌండ్ టెర్మినల్ స్క్రూకి, ఎర్ర ప్రోబ్ బీ ప్లస్ (బ్యాటరీ ప్లస్ వైరు వచ్చి చేరే) టెర్మినల్ స్క్రూకి ఆనించండి. ప్రోబ్‌లు పట్టుకుని కూర్చోవడం కష్టం. మొసలి క్లిప్పులుంటే తగిలించండి, అవి ఒకదానికొకటి మాత్రం తగలకూడదు. ఇప్పుడు ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, మీటర్ డిస్‌ప్లే, యాంప్ లైటు రెండూ ఒకే ఫ్రేములో పడేలా డిక్కీలో ఆనించి పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ, హెడ్‌లైట్లు వేసి, ఎప్పుడూ ఎక్కడ ఆగుతుందో అదే పాట అదే వాల్యూమ్‌లో పెట్టండి. ఆగిన తర్వాత వీడియో వెనక్కి తిప్పి చూస్తే, ఆగిన క్షణాన వోల్టేజీ ఎంత, లైటు ఏ రంగు అన్నది కళ్ల ముందుంటుంది. ఒక్క మాట: మామూలు మీటర్లు సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తాయి, కాబట్టి అసలు పడిపోవడం మీటర్ చూపిన దానికంటే లోతుగానే ఉంటుంది. మీటర్‌కి కనిష్ఠ విలువను పట్టి ఉంచే బటన్ ఉంటే అది వాడండి.

ఆగినప్పుడు పచ్చ లైటు అలాగే వెలుగుతూ ఉంటే యాంప్ తప్పు లేదు, దానికి సిగ్నల్ రావడం లేదు, లేదా సబ్ దాకా వెళ్లడం లేదు. లైట్లన్నీ ఆరిపోతే కరెంటు గానీ రిమోట్ గానీ తెగుతోంది. ఎర్ర లైటు వెలిగితే ప్రొటెక్షన్, అంటే రక్షణ సర్క్యూట్ ఆపింది. ఎర్ర లైటు వెలిగి, అదే సమయానికి మీటర్ 11 వోల్టుల కిందకి జారితే మీ కేసు దాదాపు తేలిపోయినట్టే. ఎర్ర లైటు వెలిగినా మీటర్ 13 మీద గట్టిగా నిలబడి ఉంటే, మీరు నేరుగా కింద సబ్ ఓమ్స్ (నిరోధం) సంగతి రాసిన చోటికి వెళ్లండి.

సరే, వోల్టేజీ పడుతోందనుకుందాం. ఎక్కడ పడుతోంది? ఇక్కడే చాలామంది ఫిట్టర్లు కూడా తప్పుదారి పడతారు, వెంటనే బ్యాటరీ మార్చమంటారు. అదే పాట, అదే వాల్యూమ్‌లో ఈసారి మీటర్ బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టులుంటుంది. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి యాంప్ దగ్గర 10.8 ఉంటే, మధ్యలో 2.7 వోల్టులు దారిలోనే తినేస్తున్నారన్నమాట. పల్లెల్లో పొలం మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారుతుంది చూడండి, అదే లెక్క. లోడ్ లేనప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే పాట ఆపి కొలిచి, 14 ఉంది, అంతా కరెక్టే అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

దారిలో తినేవి మూడే: బాడీ ఎర్త్ (యాంప్ గ్రౌండ్ టెర్మినల్ నుంచి కారు ఇనుప బాడీకి బిగించే వైరు), పవర్ వైరు, ఫ్యూజ్ హోల్డర్. నా చేతికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఎర్త్ దగ్గరే దొరుకుతాయి, కాబట్టి దాంతోనే మొదలుపెట్టండి.

ప్లస్ వైరుని బ్యాటరీ నుంచి డిక్కీ దాకా శ్రద్ధగా లాగుతారు. ఎర్త్ దగ్గరికి వచ్చేసరికి పక్కన ఏ బోల్టు కనిపిస్తే దానికి చుట్టేస్తారు. డిక్కీ కార్పెట్ ఎత్తి ఆ బోల్టు విప్పి చూడండి. లగ్ (వైరు చివర నొక్కిన రింగు) కింద కారు రంగు అలాగే నిగనిగలాడుతూ ఉంటే దొంగ దొరికినట్టే. రంగు కరెంటుని ఆపుతుంది. బోల్టు మరల అంచుల్లో సన్నగా దొరికే ఇనుములోంచి మాత్రమే కరెంటంతా పోవాలి. కొన్నాళ్లు అలా నడిచిన ఎర్త్‌ని విప్పితే లగ్ ఒక పక్క నల్లగా, కొద్దిగా నీలం తిరిగి ఉంటుంది, వైరు తొడుగు చివర మెత్తబడి ముడుచుకుపోయి ఉంటుంది. వానాకాలంలో డిక్కీలోకి నీళ్లు దిగే కార్లలో అయితే ఆ రంగు కింద తుప్పు పొర కూడా తోడవుతుంది.

చాలామంది మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, బీప్ వస్తోంది కదా, ఎర్త్ బాగుంది అంటారు. ఆ పరీక్ష ఇక్కడ ఎందుకూ పనికిరాదు. మీటర్ ప్రోబ్ వైర్లకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది. మన ఎర్త్‌లో లోపం 0.05 ఓమ్ ఉందనుకోండి, మీటర్‌కి అది కనిపించనే కనిపించదు. కానీ 50 ఆంపియర్లు పోతున్నప్పుడు 50ని 0.05తో గుణించండి, రెండున్నర వోల్టులు హాంఫట్. సరైన పరీక్ష వేరు: పాట గట్టిగా మోగుతుండగా, మీటర్‌ని డీసీ వోల్టుల్లోనే ఉంచి, ఒక ప్రోబ్ యాంప్ గ్రౌండ్ స్క్రూ మీద, ఇంకోటి కాస్త దూరంలో రంగు గీకిన బాడీ ఇనుము మీద పెట్టండి. పదో వంతు వోల్టు దాటకూడదు. అర వోల్టు చూపిస్తే ఇంక వెతకక్కర్లేదు.

ఎర్త్ సరిచేయడం అరగంట పని. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా రంగుని గరుకు కాగితంతో గీకి తెల్లటి ఇనుము కనబడనివ్వండి. ప్లస్ వైరు ఎంత లావో ఎర్త్ వైరు కూడా అంతే లావు ఉండాలి, పొడవు అడుగున్నర దాటకుండా చూడండి. చివర లగ్ గట్టిగా నొక్కించి, పళ్లున్న వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన పెయింటో గ్రీజో పూయండి. రేకు బ్రాకెట్లకు కాకుండా అసలు బాడీకే బిగించాలి. ఆ బ్రాకెట్లలో కొన్ని రెండు మూడు చుక్కల వెల్డింగ్ మీద నిలబడి ఉంటాయి. సీటు బెల్టు బోల్టుల జోలికి పోకండి, ప్రాణం కాపాడే బోల్టుని పాట కోసం విప్పడం మంచి పని కాదు. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే ముందు కారు కిందకి దూరి చూడండి, ఇలాంటి చిన్న కార్లలో పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది.

ఇక పవర్ వైరు. బజారులో దొరికే ‘2000 వాట్స్ కిట్’ పెట్టె మీద ఏం రాసినా, లోపల ఉండేది తరచుగా రాగి పూసిన అల్యూమినియం. పైకి బొటనవేలంత లావుగా కనిపిస్తుంది, తొడుగు కోసి చూస్తే తీగ సగమే. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల వెండి రంగు కనిపిస్తే రాగి కాదు (టిన్ పూత ఉన్న అసలు రాగి వైరు దీనికి తిరకాసు: పైన వెండి రంగు, గీకితే లోపల రాగి). అల్యూమినియం రకానికి రాగితో పోలిస్తే నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే. లెక్క వేద్దాం. 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) అసలు రాగి వైరు మీటరుకి సుమారు 2 మిల్లీ ఓమ్‌లు. బానెట్ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు లాగితే 10 మిల్లీ ఓమ్‌లు, 60 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు పోతుంది. అదే అల్యూమినియం రకమైతే దాదాపు ఒక వోల్టు. 4 గేజ్ అసలు రాగి అయితే పావు వోల్టుతో సరిపోతుంది. 500 వాట్స్ అసలు పవర్ ఉన్న మోనో యాంప్‌కి నేనైతే 4 గేజ్ రాగి కంటే సన్నది వేయను.

అసలు పవర్ ఎంతో పెట్టె మీద చూడకండి. యాంప్ పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజులు చూడండి. క్లాస్ డీ యాంప్ (సబ్‌లకి ఎక్కువగా వాడే రకం) లాగిన పవర్‌లో సుమారు 80 శాతం సబ్‌కి అందిస్తుంది. ఒకే ఒక్క 25 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే, 25ని 13.8తో, దాన్ని 0.8తో గుణించండి, 276 వస్తుంది. పైన బంగారు అక్షరాలతో 3000 వాట్స్ అని ఉన్నా దాని బతుకు అంతే.

ఫ్యూజ్ హోల్డర్ చిన్నదే కానీ దాగుడుమూతలు ఆడేది ఇదే. కిట్‌లతో వచ్చే గాజు గొట్టం ఫ్యూజులున్నాయే, వాటి లోపలి తీగ చక్కగా ఉంటుంది, చూసినవాళ్లు బాగానే ఉందంటారు. కానీ చివరి ఇత్తడి టోపీ దగ్గర అతుకు వదులై ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగితే వేడెక్కి వదిలేస్తుంది, చల్లారితే పట్టుకుంటుంది. పది నిమిషాలు గట్టిగా పాడించి, ఇంజిన్ ఆపి, హోల్డర్‌ని చేత్తో తాకండి. చుట్టుపక్కల వస్తువుల కంటే అదొక్కటే వేడిగా ఉన్నా, పారదర్శకంగా ఉండాల్సిన ప్లాస్టిక్ టీ రంగుకి తిరిగినా తీసి పారేయండి. దాని బదులు బోల్టుతో బిగించే పట్టీ రకం ఫ్యూజ్ హోల్డర్ వేయించండి. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే అది ఉండాలి. వైరు ఎక్కడైనా రేకు అంచుకి కోసుకుని బాడీకి తగిలితే కారు తగలబడకుండా ఆపేది అదొక్కటే. ఫ్యూజ్ పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టడం లాంటివి చేసే మనిషికి కారు తాళాలు ఇవ్వకండి.

బ్యాటరీ దగ్గరే వోల్టేజీ పడిపోతుంటే కథ వేరు. ఇంజిన్ నడుస్తుండగా కూడా బ్యాటరీ టెర్మినల్స్ మీద 12.5 కిందకి పోతుంటే, మొదట టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుందేమో చూడండి. వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరాక వాసెలిన్ రాస్తే చాలాసార్లు సగం తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి కంపెనీ వేసిన సన్నటి ఎర్త్ వైరుకి తోడుగా లావు వైరు ఇంకోటి వేయించండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉన్న కొత్త కార్లయితే, వైరుని నేరుగా టెర్మినల్‌కి కాకుండా సెన్సర్ దాటాక ఉన్న ఎర్త్ వైపుకే కలపాలి, లేకపోతే ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. ఆ తరం కార్లలో ఆల్టర్నేటర్ (మనం డైనమో అంటాం) వోల్టేజీని కారే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది కాబట్టి ఒక్కోసారి 12.8 చూపినా కంగారు పడకండి, లైట్లు వేసి మళ్లీ కొలవండి.

చిన్న పెట్రోల్ కార్లలో ఉండేది 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ. సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే డైనమో పూర్తి కరెంటు ఇవ్వలేదు, ఏసీ, రేడియేటర్ ఫ్యాను, లైట్లు కలిసి ఉన్నదాంట్లో చాలా భాగం పట్టుకుపోతాయి. బండి ఆపి ఉంచి యాక్సిలరేటర్ తొక్కి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోండి. అప్పుడు సబ్ ఆగకుండా పాడితే లోటు ఐడిల్‌లో డైనమో దగ్గర ఉందని అర్థం. బ్యాటరీకి మూడు నాలుగేళ్లు నిండి, పొద్దున సెల్ఫ్ కూడా బద్ధకంగా తిరుగుతుంటే బ్యాటరీ మార్చడంలో న్యాయం ఉంది.

కెపాసిటర్ వేయించమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నీలం లైట్లతో, డిజిటల్ వోల్ట్ మీటర్‌తో డిక్కీలో అందంగానే ఉంటుంది. ఒక ఫారడ్ కెపాసిటర్ ఒక వోల్టు పడేలోపు ఇచ్చే కరెంటు, 50 ఆంపియర్ల లోడ్‌కి సెకనులో యాభయ్యో వంతు సేపు సరిపోతుంది. 40 హెర్ట్జ్ బాస్ ఒక్క చుట్టు తిరగడానికి సెకనులో నలభయ్యో వంతు కావాలి. అంటే ఒక్క చుట్టుకి కూడా అది చాలదు. ఆ డబ్బులు వైరు మీద పెట్టండి.

ఎర్ర లైటు వెలిగినా వోల్టేజీ బాగానే ఉన్నవాళ్ల సంగతి. సబ్ ఓమ్స్ కొలవండి. యాంప్ ఆపేసి, యాంప్ దగ్గర స్పీకర్ వైర్లు రెండూ విప్పి, మీటర్‌ని 200 ఓమ్స్‌లో పెట్టండి. ముందు రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే అంకెను గుర్తుపెట్టుకుని అసలు కొలతలోంచి తీసేయండి. 4 ఓమ్స్ కాయిల్ (సబ్ లోపలి తీగ చుట్ట) మీటర్ మీద 3.2 నుంచి 3.8 మధ్య చూపుతుంది, 2 ఓమ్స్‌ది 1.6 నుంచి 1.9 మధ్య. 12 అంగుళాల సబ్‌లలో చాలావాటికి రెండు కాయిల్స్ ఉంటాయి. రెండూ 4 ఓమ్స్ అయితే పక్కపక్కన (పారలల్) కలిపితే 2, వరసగా (సిరీస్) కలిపితే 8. రెండూ 2 ఓమ్స్ అయితే పక్కపక్కన 1, వరసగా 4. మీ యాంప్ అడుగున ‘కనీసం 2 ఓమ్స్’ అని ఉండి, మీటర్ ఒకటికి దగ్గరగా చూపితే, తక్కువ వాల్యూమ్‌లో ఏమీ అనదు, బాస్ పడగానే ఓవర్ కరెంటుతో ఆగుతుంది. లక్షణాలు అచ్చం మీరు చెప్పినట్టే ఉంటాయి, అందుకే వోల్టేజీ కొలవకుండా ఈ రెండింటినీ విడదీయలేం. బ్రిడ్జ్ చేసిన (రెండు ఛానెళ్లు కలిపి ఒకటిగా వాడే) ఫోర్ ఛానెల్ యాంపులైతే చాలావరకు 4 ఓమ్స్ కంటే తక్కువ ఒప్పుకోవని గుర్తుంచుకోండి.

అదే పట్టున మీటర్ తగిలించే ఉంచి, కోన్‌ని రెండు అరచేతులతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అంకె పూర్తిగా పోయి, దారి తెగినట్టు మీటర్ చూపుతుంటే, కోన్ నుంచి టెర్మినల్‌కి వచ్చే అల్లిక తీగలు లోపల తెగి ఉన్నాయి. కోన్ ఎక్కువగా కదిలినప్పుడే విడిపోతాయి కాబట్టి గట్టి బాస్‌కే ఆగుతుంది (అప్పుడు యాంప్ మీద పచ్చ లైటే ఉంటుంది). నొక్కినప్పుడు గరగరమని రాపిడి తెలిస్తే, కాలిన వాసన వస్తే కాయిల్ మాడింది, సబ్ రీకోయిల్ చేయించాల్సిందే. బాక్సు వెనక టెర్మినల్ కప్పు విప్పి, లోపల వైరు పోగు ఒకటి బయటికి వచ్చి పక్క టెర్మినల్‌కి తగులుతోందేమో కూడా చూడండి. సన్నటి పోగే కానీ అది అదురుకి తగిలినప్పుడల్లా ఎర్ర లైటే.

రిమోట్ వైరు మీ కేసులో ఉండే అవకాశం తక్కువ, కానీ ఆండ్రాయిడ్ స్టీరియోలున్న కార్లలో ఒకసారి చూడాల్సిందే. యాంప్‌ని నిద్ర లేపే సన్నటి వైరు అది, స్టీరియో నడుస్తున్నంతసేపూ దానిమీద 12 వోల్టులకు దగ్గరగా ఉండాలి. కొన్ని చవక స్టీరియోల్లో ఆ అవుట్‌పుట్ నీరసంగా ఉంటుంది, దానికి యాంప్‌తో పాటు ఫ్యానో ఎల్‌ఈడీ స్ట్రిప్పో కూడా కలిపేస్తే కుంగిపోతుంది. పరీక్ష కోసం బీ ప్లస్ నుంచి రిమోట్ టెర్మినల్‌కి చిన్న ఫ్యూజున్న సన్నటి వైరు ముక్క తాత్కాలికంగా కలపండి. ఆగడం మానేస్తే దొంగ స్టీరియో వైపు ఉంది. అలాగే వదిలేసి మాత్రం ఇంటికి వెళ్లకండి, యాంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది, పొద్దున సెల్ఫ్ తిరగదు. పచ్చ లైటు ఉండగానే సౌండ్ పోతుంటే ఆర్‌సీఏ కేబుల్ (స్టీరియో నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చేది) పీకేసి, ఫోన్ నుంచి నేరుగా యాంప్‌కి పాట ఇవ్వండి. ఫోన్‌తో బాగా పాడితే కేబులో స్టీరియోనో, రెండింట్లో ఒకటి.

గెయిన్ గురించి చెప్పకపోతే ఇదంతా బాగుచేశాక కూడా మళ్లీ మొదటికి వస్తుంది. గెయిన్ అంటే వాల్యూమ్ కాదండీ. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే స్క్రూ అది. దాన్ని చివరిదాకా తిప్పి, బాస్ బూస్ట్ కూడా 12 డీబీ (డెసిబెల్స్)కి పెడితే, 3 డీబీకి పవర్ రెట్టింపు చొప్పున, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర యాంప్‌ని 16 రెట్లు పవర్ అడుగుతున్నట్టు. అంత ఇవ్వలేక సౌండ్ అల నెత్తి కోసుకుపోతుంది (క్లిప్పింగ్), సబ్ కాయిల్ మాడుతుంది. ముందు బాస్ బూస్ట్ సున్నా చేయండి. సబ్ వైర్లు విప్పేసి, మీటర్‌ని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల్లో యాంప్ అవుట్‌పుట్‌కి పెట్టి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ని స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పాడించండి. యాంప్ అసలు వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం కడితే ఎన్ని వోల్టులు రావాలో వస్తుంది. 300 వాట్స్, 2 ఓమ్స్ అయితే 24.5, 500 వాట్స్, 2 ఓమ్స్ అయితే 31.6. గెయిన్‌ని కింది నుంచి మెల్లగా తిప్పుతూ ఆ అంకె రాగానే ఆపండి. లో పాస్ (అంతకంటే పై శబ్దాలు సబ్‌కి పోకుండా ఆపే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి. బాక్సుకి గొట్టం రంధ్రం ఉంటే సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది శబ్దాల్ని ఆపేది) 25, 30 హెర్ట్జ్ మధ్య పెట్టండి.

వేడి మీ సమస్య కాదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. యాంప్‌ని కార్పెట్ కింద దాచకండి, తలకిందులుగా బిగించకండి, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. రెంటచింతల ఎండల్లో మధ్యాహ్నమంతా నిలిపిన కారులో ఎక్కగానే ఫుల్ వాల్యూమ్ పెడితే ఏ యాంప్ అయినా అలుగుతుంది. బాక్సు మీదే స్క్రూలతో బిగించడం కూడా వద్దు, అదురుకి టెర్మినల్ స్క్రూలు వదులవుతాయి, లోపలి అతుకులు చిట్లుతాయి. బండి ఇంటి ముందు నాలుగు రోజులు కదలకుండా ఉండే వాళ్లయితే వైర్ దారి మొత్తం చూసుకోండి. ఎలుకలకి సీటు కింద వైరు తొడుగు మహా ఇష్టం.

ఇక యాంప్ నిజంగానే పోయిందా అన్నది తేల్చడం తేలిక. స్పీకర్ వైర్లు, ఆర్‌సీఏలు అన్నీ పీకేసి, పవర్, ఎర్త్, రిమోట్ మూడే ఉంచి ఆన్ చేయండి. వోల్టేజీ బాగుండి అప్పుడు కూడా ఎర్ర లైటు వెలిగితే లోపల ట్రాన్సిస్టర్లు షార్ట్ అయినట్టే. అప్పుడైనా పారేయనక్కర్లేదు. హైదరాబాద్ అయితే కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు దొరుకుతాయి, బోర్డు మీద పని చేయగల ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కి ఇవ్వండి. ఒక్క మాస్‌ఫెట్ (ఆ ట్రాన్సిస్టర్ల రకం) పోయినా ఆ వరస మొత్తం ఒకే రకంవి మార్చమనండి. ఒక్కటే మారిస్తే మిగిలినవి దాని వెంట పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు.

మీరు ఈ ఆదివారం మొదలుపెడితే, వైర్ల మీద చేయి వేసే ముందు బానెట్ దగ్గర మెయిన్ ఫ్యూజ్ తీసేయండి, బ్యాటరీ టెర్మినల్ విప్పాల్సి వస్తే నెగటివ్ ముందు విప్పి, చివర్లో బిగించండి. ఎర్త్ విప్పి గీకి మళ్లీ బిగించాక అదే పాట పెట్టి మళ్లీ వీడియో తీయండి. తర్వాత నాకు ఇవి రాయండి: ఆగిన క్షణాన యాంప్ దగ్గర వోల్టేజీ, అదే పాటకి బ్యాటరీ దగ్గర వోల్టేజీ, లైటు రంగు, సబ్ ఓమ్స్, యాంప్ మీద ఫ్యూజుల అంకెలు, వైరు పోగు గీకితే కనబడిన రంగు. ఎర్త్ బోల్టు ఫోటో కూడా ఒకటి తీసి పెట్టండి, కడగకుండా, విప్పింది విప్పినట్టే.